నడుము మీద మూడు చీరలు

తమ్ముడి కూతురు నవ్య పెండ్లి ఫోటోలో తన నడుము కనిపించాలన్నది వినోద కోరిక. అందుకోసం మూడు నెలలు రాత్రి అన్నం మానేసింది. కాశిబుగ్గలో నేయించుకున్న గంధం రంగు చీరను పెండ్లినాటి ఉదయం ముడత పడకుండా కట్టుకొని హన్మకొండ ఫంక్షన్ హాల్లో అడుగుపెట్టింది.

"కాలేజీ పిల్ల లెక్కున్నవ్" అన్నాడు భర్త రాంప్రసాద్. ఇరవై ఏండ్ల కాపురంలో అది అతని రెండో పొగడ్త.

పెండ్లికూతురి తల్లి సుకన్య బొట్టు పెట్టి, పట్టుచీర చేతికిచ్చింది. "వదినా, ఆడిబిడ్డవు. నేను పెట్టిన చీర కట్టుకొనే పీటల కాడికి రావాలె."

అలా పెట్టిన చీర అప్పటికప్పుడు కట్టుకోకపోతే పెట్టినవాళ్లను కాదన్నట్టే. మార్చుకుందామంటే గదినిండా పెండ్లికూతురు, ఇద్దరు బ్యూటీషియన్లు.

"ఫికర్ చెయ్యకు వదినా, పైనుంచే చుట్టుకో."

అన్న భార్య పద్మలత అది చూసింది. "అబ్బో! సుకన్య పెడితే కడ్తవు, నేను పెడితే బీరువల పెడ్తవా?"

ఆమె పెట్టిన చీర సుకన్య చీర మీదికెక్కింది. కొత్త వియ్యపురాలూ వట్టి చేతులతో రాలేదు. "మేనత్తకు మా దిక్కు నుంచి" అంటూ మూడోది ఇచ్చింది. ఏది విప్పినా ఒకరు అలుగుతారు. తలంబ్రాల వేళకు వినోద కుచ్చిళ్లు ఆమెకంటే అడుగు ముందు నడుస్తున్నాయి.

ములుగు నుంచి వచ్చిన పెద్దమ్మ కట్టమ్మ ఆమెను ఎగాదిగా చూసి కుర్చీ లాగింది. "నిలవడకు బిడ్డా, జర కూసో." తర్వాత పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది. పది నిమిషాల్లో వినోద చుట్టూ ఫ్యాను, మజ్జిగ, దిండు చేరాయి. మేనత్త మర్యాదంటే ఇదీ అని వినోద మురిసిపోయింది.

భోజనాలయ్యాక రాంప్రసాద్ కొబ్బరిబోండంతో పరుగున వచ్చాడు. ముఖంలో నెత్తురు లేదు.

"నువ్వు నీళ్లోసుకున్నవట గద! హాలంత నా చెయ్యి పట్టుకొని ఊపుతాండ్రు. నలభై నాలుగేండ్లకు గిదేందే? నాకొక్కనికి చెప్పకపోతివి!"

"ఎవరన్నరు?"

"కట్టమ్మ పెద్దమ్మ."

ఆమె అప్పటికే ములుగు జీపెక్కేసింది. ఇంతలో స్టేజీ మీది నుంచి మేనత్తను ఫోటోకు పిలిచారు. ఇక ఎవరు అలిగినా సరేననుకొని వినోద గదిలో దూరి, మూడు చీరలూ విప్పి, గంధం రంగు చీరలో, నడుముతో సహా, స్టేజీ ఎక్కింది.

"మా చీరేది?" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

తన పెండ్లి ఫోటో కాడ పంచాయితీ మొదలయ్యేసరికి పెండ్లికూతురి కండ్లలో నీళ్లు తిరిగాయి. వినోద పరుగున పోయి మూడింటినీ మూటలా చుట్టి తెచ్చి, రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకుంది. "ఇగో, మూడూ ఫోటోల పడ్తయి. సాలునా?"

కెమెరా క్లిక్కుమంది.

ఆల్బమ్ రావడానికి ఆరు నెలలు పట్టింది. అది ములుగు చేరిన రోజే కట్టమ్మ ఫోన్ చేసింది.

"చేతుల పసిగుడ్డు ముద్దుగున్నదే బిడ్డా! ఆడపిల్లనా, మొగపిల్లగాడా?"

"పెద్దమ్మా, అవి చీరలు!"

కట్టమ్మ నమ్మలేదు. పోలిక వినోదదేనని, ముక్కు మాత్రం రాంప్రసాద్‌దని తేల్చేసింది.