వంతెన దాటిన తుపాకీ

తుపాకీ స్వతహాగా సాధుజీవి అనీ, రాష్ట్రం పొలిమేర దాటిన క్షణం నుంచే దానికి దుర్బుద్ధి పుడుతుందనీ ప్రభుత్వాలు ఎంతో శ్రమించి కనిపెట్టాయి. ఈ సత్యాన్ని ఆలస్యంగా గ్రహించినవాడు మన బ్యాంకు గన్‌మాన్.

ఆయన ఏళ్ళ తరబడి సొంత డబుల్ బ్యారెల్‌తో బ్యాంకు గుమ్మం కాస్తున్నాడు. ఒక్కసారి కూడా పేల్చిన పాపాన పోలేదు (ఒకసారి కునుకుపాట్లలో చేజారి కింద పడింది గానీ, అది కూడా మర్యాదకు ఊరుకుంది). ఇప్పుడా శాఖ మూసేసి ఆయన్ని వంతెన అవతలి శాఖకు మార్చారు. అవతలంటే పక్క రాష్ట్రం. సోమవారం తుపాకీతో సహా చేరకపోతే ఉద్యోగం ఊడినట్టే. నిజానికి బ్యాంకు ఉద్యోగమిచ్చింది తుపాకీకి, ఈయన దానికి తోడు.

లైసెన్సేమో ఇవతలి రాష్ట్రంలోనే చెల్లుతుంది. ఇవతలి ఆఫీసుకు వెళ్తే, "వాళ్ళు రానిస్తామని రాసిస్తే మేం పోనిస్తాం" అన్నారు. అవతలి ఆఫీసుకు వెళ్తే, "తుపాకీ చూడకుండా ఎలా రాసిస్తామయ్యా? పట్టుకురా" అన్నారు.

"తెస్తే పట్టుకుంటారు కదండీ?"

"పట్టుకోమా మరి? అనుమతి లేదుగా!"

ఇంట్లో ఆవిడ నెత్తి కొట్టుకుంది. "విప్పి సంచుల్లో సర్దుకుపోదాం. ఎవడు చూడొచ్చాడండీ?"

ఆదివారం బస్సెక్కారు. గొట్టం ఒక సంచిలో, కట్టె ఇంకో సంచిలో, తూటాల సంచి ఆవిడ ఒళ్ళో. వంతెన దాటగానే తనిఖీవాళ్ళు బస్సులోకి తొంగిచూసి, ఆవలించి, పొమ్మన్నారు. అంతటితో గండం గడిచేదే. కానీ గన్‌మాన్‌కి మనసొప్పలేదు. లేచి చెయ్యెత్తాడు.

"అయ్యా, నా దగ్గర తుపాకీ ఉంది."

బస్సంతా సీట్ల కింద దూరింది. ఆవిడ మాత్రం కదల్లేదు. సీటు కింద సంచులున్నాయి మరి.

బస్సు దింపి ఆఫీసుకు తీసుకెళ్తే, అంతర్రాష్ట్ర ఆయుధ సంచార నియంత్రణ ఉపాధికారి గారు టీ తెప్పించారు. "ఈ దారిన ఎన్ని పోతుంటాయో దేవుడికెరుక. చెయ్యెత్తి చెప్పింది నువ్వొక్కడివే. మా ఆఫీసుకిదే మొదటి కేసు బాబూ!" అంటూ చెయ్యి నొక్కి మరీ అభినందించారు. సంచులు మూడు కాబట్టి కేసులు మూడు రాసుకుని, తుపాకీని గదిలో పెట్టి తాళం వేయించారు.

సోమవారం బ్యాంకువాళ్ళు, "తుపాకీ లేని గన్‌మాన్‌ని మేమేం చేసుకుంటాం?" అన్నారు. అదీ న్యాయమే. మొగుడూ పెళ్ళాలు మళ్ళీ ఉపాధికారి దగ్గరికే వెళ్ళారు.

"ఉన్న ఒక్క ఆధారం పోయిందండీ," అంది ఆవిడ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "మమ్మల్నేం చేయమంటారు?"

ఆయనా మనిషే. కరిగిపోయాడు. "ఏడవకమ్మా. మీవారి తుపాకీ వచ్చాక ఆ గదికి కాపలా ఉద్యోగం ఒకటి మంజూరైంది. ఇంత నిజాయితీపరుడు నాకు మాత్రం ఎక్కడ దొరుకుతాడు? రేపే చేరమను."

గన్‌మాన్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ జోడించాడు.

"ఒక్కటే షరతు," అన్నాడు ఉపాధికారి. "తుపాకీ నువ్వే తెచ్చుకోవాలి."