పగులు నంబరు పదిహేడు

వంతల జోగులు బండి ఫ్రేములో ఉన్న పగులు సోమవారం ఉదయం తొమ్మిదింటికి అతని కుడి భుజంలోకి బదిలీ అయింది. కాగితం మాత్రం బుధవారం వచ్చింది. పగుళ్ళ విషయంలో రెండు రోజులు ఆలస్యం కిందికి రాదు కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు.

జోగులు పని మందులు మోయడం. కొండ కింద చింతలమెట్ట ఆరోగ్య కేంద్రం నుంచి పైనున్న తన ఊరు బొడ్డుమామిడి దాకా, పద్నాలుగు కిలోమీటర్లు, టీకాల పెట్టె వెనక కట్టుకుని ఏటీవీ మీద తిరుగుతాడు. నాలుగు లావుపాటి చక్రాల ఆ మోటారు బండిని కొండవాళ్ళు ముద్దుగా ‘దున్న’ అంటారు. ఆ దారిలో దున్నలు విరగడం కొత్త కాదు. దారి బాగుచేయించడం మాత్రం కుదరదు. రికార్డులో అది ఎనిమిదేళ్ళ కిందటే పూర్తయిన తారు రోడ్డు. పాడవని రోడ్డును బాగుచేస్తే ఆడిటు వాళ్ళు ఊరుకోరు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గాని, రికార్డు ఆ మొండివాడికన్నా బలమైనది. అందుకని బండినే గట్టిచేయాలని మండలాఫీసులో తీర్మానించారు.

గట్టిచేసింది వెల్డింగు షాపు కనకాచారి. ఆయన అతికితే ఏనుగు ఎక్కినా చెక్కుచెదరదని పేరు. బండి మొత్తం విప్పి, రంగు గీకి, పగులు ఎక్కడ ఆగిందో వెతికి, ఇక ముందుకు పాకకుండా దాని కొసన చిన్న రంధ్రం వేశాడు. తరవాత పగులు అతికి, మూలమూలనా త్రికోణం ప్లేట్లు వేశాడు. ఒకేచోట వేడి పెడితే ఫ్రేము వంకరపోతుందని ఇటు కాస్త, అటు కాస్త చొప్పున ఓపిగ్గా చేశాడు. అడుగున గట్టి రేకు బిగించాడు. పని మహా చక్కగా కుదిరింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

“బలం పెట్టినసోట పగులుండదు బావూ,” అన్నాడు ఆచారి, నల్లద్దాలు నుదుటి మీదికి తోసి. “అలాగని సావదు. పక్కకెల్తాది. దానికో సోటు వదలాల. నాను వదల్లేదు. అదే నా తప్పు.”

ఆఫీసు సూపరింటెండెంటు వసుంధర మంచి మనిషి. జోగులును కూర్చోబెట్టి, “నొప్పిగా ఉందా?” అని అడిగింది.

“లేదమ్మా. సెయ్యి పైకెత్తితే టిక్కుమంటాది.”

ఆమె పగుళ్ళ రిజిస్టరులో పదిహేడో నంబరు ఎదుట చిరునామా దిద్దింది. నడిపే మనిషి కూడా బండిలో భాగమే కాబట్టి అతన్నీ గట్టిచేయవచ్చునని ఉత్తర్వు రాయించింది. ఆచారి జోగులును స్టూలు మీద కూర్చోబెట్టి, చిన్న సుత్తితో తట్టి చప్పుడు విని, జబ్బకు రెండు ప్లేట్లు అతికాడు. నిప్పురవ్వలకు చక్కిలిగింతలు పుట్టి జోగులు నవ్వు ఆపుకోలేకపోయాడు.

ఇంటికొచ్చాక భార్య చిలకమ్మ అతని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. “వానల్లో తుప్పట్టీగలవు. ఆముదం రాసుకో,” అంది.

ఆ వారమంతా జోగులు గుంతలు ఏరుకుని మరీ దూకించాడు. బండి విరగలేదు, మనిషీ విరగలేదు. పగులు ఊరుకుంటుందా? ముందు ఇంటి నడిమి స్తంభంలోకి వెళ్ళింది. ఆచారి వచ్చి పట్టీ వేశాడు. అక్కణ్ణించి తిరగలిలోకి వెళ్ళింది. దానికీ పట్టీ పడింది. చిరునామాలు దిద్దీ దిద్దీ రిజిస్టరులో ఆ గడి చిరిగితే వసుంధర దానికి వెనకనుంచి కాగితం అతికించింది.

నెల గడిచాక ఒక శనివారం పొద్దున, బడికి బయల్దేరుతూ చెప్పులేసుకుంటున్న కూతురు సుమిత్ర, “నాన్నా, నా కాల్లో టిక్కుమంటంది,” అంది. ఏడేళ్ళ పిల్ల. జోగులు కింద కూర్చుని చూశాడు. మడమ నుంచి పిక్క దాకా వెంట్రుకంత గీత. అతనికి తన భుజం పగిలినప్పుడు కూడా వెయ్యని భయం వేసింది. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని బండి తీశాడు. ఆవేళ ఒక్క గుంతలోనూ దూకించలేదు. పద్నాలుగు కిలోమీటర్లకు మూడు గంటలు పట్టింది.

ఆచారి ఆ కాలు చూసి సుత్తి కింద పెట్టేశాడు. “ఎదిగే పిల్లకి ప్లేటు ఎయ్యకూడదు బావూ. ఎముక ఎదగదు. అలాగని ఒగ్గీడానికీ లేదు. గీత మోకాలు దాటిందంటే పిల్ల నడవలేదు. బేగి ఇంకో సోటు సూడాల.”

చోటు కోసం ఇద్దరూ పిల్లను తీసుకుని ఆఫీసుకు వెళ్ళారు. వసుంధర పిల్ల చేతిలో బిస్కెట్లు పెట్టి కాలు తడిమి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“రోడ్డులోకి పంపీయండమ్మా,” అన్నాడు జోగులు. “దాని సొంతూరు అదే గదా.”

“రోడ్డుకు పగులుందని రాస్తే రోడ్డు పాడైనట్టు అవుతుంది జోగులూ.”

“పోనీ ఈ గోడలోకి?”

ఆమె గోడ వైపు చూసింది. ఆఫీసు కట్టినప్పుడే మూలమూలనా ప్లేట్లు వేసేశారు. పెద్దసారు బంగళాకూ వేశారు, ఆ రోడ్డు వేసినట్టు రాయించిన కాంట్రాక్టరు మేడకూ వేశారు. లెక్క చూస్తే మండలంలో ప్లేట్లు లేనివి ముట్టుకుంటే అటవీ శాఖ కేసు పెట్టే అడవి చెట్లు, బడిలో పిల్లలు.

“అయితే నా ప్లేట్లు తీసీమనండి,” అన్నాడు జోగులు.

దానికి ఫారం ఉంది. కట్టలుకట్టలుగా ముందే అచ్చువేసి బీరువాలో పెట్టి ఉంది. ‘నేను నా ఇష్టపూర్వకంగా’ అనే దాకా అందులోనే ఉంది, సంతకం ఒక్కటే తరువాయి.

షాపుకు తిరిగొచ్చి ఆచారి గ్రైండరుతో రెండు ప్లేట్లూ కోసేశాడు. కాసేపు ఏమీ కాలేదు. ఆ తరవాత జోగులు భుజంలో టిక్కుమంది. సుమిత్ర కాలి మీది గీత చెరిపేసినట్టు పోయింది. పిల్ల స్టూలు మీదనుంచి ఒక్క దూకు దూకి, “పోయింది నాన్నా!” అని అరిచింది. జోగులుకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రిజిస్టరులో పదిహేడో నంబరు ఎదుట ‘శాశ్వత చిరునామా’ అని రాసి వసుంధర కింద గీత గీసింది.

ఆ ఏడు జిల్లాలో ఒక్క పగులూ లేని రోడ్డుగా బొడ్డుమామిడి రోడ్డుకు బహుమతి వచ్చింది. షీల్డు తీసుకోవడానికి రోడ్డు రాలేదు గనక, దాని మీద అందరికన్నా ఎక్కువ తిరిగే మనిషని జోగులును వేదిక మీదికి పిలిచారు. ముందు వరసలో సుమిత్ర రెండు కాళ్ళ మీదా గెంతుతూ చప్పట్లు కొడుతోంది. జోగులు కుడిచేత్తో షీల్డు ఎత్తాడు. టిక్కుమంది. వేదిక మీద అందరికీ వినపడింది. వసుంధర తల దించుకుంది, మిగతావాళ్ళు కెమెరా వైపు చూశారు.

“ఇంకాస్త పైకి,” అన్నాడు ఫొటోగ్రాఫరు.

జోగులు కూతురి కాళ్ళ వైపు చూసుకుని, ఇంకాస్త పైకెత్తాడు.