విమానమెక్కిన కొమ్ములు

ఆ ఉదయం ఆర్విల్ టాండ్‌బర్గ్ వేసుకున్న పథకంలో వంకర ఏమీ లేదు. పొద్దున నది ఒడ్డు ఊరి నుంచి చిన్న విమానం, మధ్యాహ్నం బెతెల్ నుంచి పెద్ద విమానం, సాయంత్రానికి యాంకరేజ్. అక్కడ భార్య మార్లిస్, బావమరిది కర్టిస్ ట్రక్కు వేసుకొచ్చి నిలబడతారు. మూస్ దుప్పి మాంసం ఆరు పెట్టెలు, దాని కొమ్ములు ట్రక్కెక్కుతాయి. మార్లిస్ అప్పటికే ఇంట్లో ఫ్రీజరు కడిగి, తుడిచి, ఖాళీగా నడుపుతోంది. చలికాలమంతా వాళ్ల కూర అందులోంచే రావాలి.

కర్టిస్ ఏటా ఒక మూస్‌ని కొట్టి తెచ్చేవాడు. ఆర్విల్ ఏటా జలుబు తెచ్చేవాడు. "ఈసారి ఏం కొట్టావు బావా? తుమ్ములేనా, దగ్గు కూడా పడిందా?" అని కర్టిస్ అందరిలో అడిగేవాడు. యాభై దాటాక ఆర్విల్‌కు దొరికిన మొదటి మూస్ ఇది. కొమ్ముల కొనలన్నిటికీ రబ్బరు గొట్టం ముక్కలు తొడిగి, వాటినంటి ఉన్న పుర్రె శుభ్రంగా కడిగి, గుడ్డ చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు వాటిని ఎత్తుకుని విమానం దగ్గరికి వచ్చాడు.

పైలట్ లయల్ సామాను వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇంకో ఇద్దరు మనుషులెక్కాలి. కొమ్ములు పెడితే పెట్టెలకు చోటుండదు. పెట్టెలేస్తా. కొమ్ములు రేపు."

"కొమ్ములు ఇవాళ వెయ్యి లయల్. పెట్టెలే రేపు. ఈ చలికి వాటికేం కాదు."

"మాంసం ముందు, కొమ్ములు తర్వాత. నీకు నేను చెప్పాలా?"

ఆర్విల్‌కు చెప్పక్కర్లేదు. ఆ దేశంలో పుట్టినవాడెవడికీ చెప్పక్కర్లేదు. తెలిసీ, "ఒక్క రోజే కదా" అన్నాడు. లయల్ మొహం తిప్పుకుని కొమ్ములు విమానంలోకి ఎక్కించాడు. పెట్టెలు రేకుల షెడ్డులో ఉండిపోయాయి. ఆర్విల్‌ను పడవలో వేటకు తీసుకెళ్లిన స్నేహితుడు అప్పటికే నది మీద పైకి వెళ్లిపోయాడు; పెట్టెల సంగతి ఎరిగినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు.

బెతెల్ విమానాశ్రయంలో వరుసలో ఉన్న ప్రతివాడి కాళ్ల దగ్గరా తడి అట్టపెట్టెలున్నాయి. కొమ్ములు ఒక్క ఆర్విల్ దగ్గరే ఉన్నాయి.

"మాంసమేదండీ?" అంది కౌంటర్లో అమ్మాయి.

వరుసంతా తిరిగి చూసింది. వెనక ఎవరో, "ఆ దుప్పి ఒట్టి కొమ్ములతోనే తిరిగేదేమో, ఒళ్లు లేకుండా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. కొమ్ముల కోసం చంపి మాంసం అడవిలో వదిలేసిన మనిషిని ఎలా చూస్తారో అలా చూశారు. ఆర్విల్ చెవులు కాలిపోయాయి.

"ఇచ్చేశాను. ఊళ్లో ముసలివాళ్లకు" అని తను బయల్దేరిన ఊరి పేరు చెప్పాడు.

ముందు నిలబడ్డ ముసలావిడ చటుక్కున తిరిగింది. అక్కడి ఆదివాసుల్లో యూపిక్ తెగ మనిషి, పేరు ఓలింకా. కూతురిని చూడడానికి యాంకరేజ్ వెళుతోంది.

"మా చెల్లెలిది ఆ ఊరే! ఇది నీ మొదటి మూసా అబ్బాయ్?"

"మొదటిదే అవ్వా."

అది ఆ వరుసలో అతను చెప్పిన మొదటి నిజం. ఆ నిజమే అతన్ని ముంచింది.

"మా పద్ధతి తెలిసినవాడివే! మొదటి వేట ముసలివాళ్లది. కొట్టినవాడు ఒక్క ముక్క నోట పెట్టడు" అంటూ ఆమె ఫోను తీసింది.

"ఇప్పుడెందుకులే అవ్వా..."

అప్పటికే చెల్లెలు పలికింది. తమ భాషలో ఏదో మాట్లాడి ఓలింకా కళ్లు పెద్దవి చేసింది. "వాళ్లకసలు తెలీదట! పెట్టెలింకా షెడ్డులోనే ఉన్నాయట! చెప్పకుండా వచ్చేశావా?"

"అదీ... పెట్టెల మీద నా పేరుంది..."

"ఆఁ, ఆ పేరు చూసే ఎవరిచ్చారో తెలుసుకుంటారు. థాంక్స్ చెప్పించుకోవడానికి కూడా సిగ్గుపడ్డాడు, పిచ్చి నాయన!" అని వరుసంతటికీ వినిపించేలా చెప్పింది.

ఇందాక మాట విసిరినవాడు వచ్చి ఆర్విల్ చేయి పట్టుకుని ఊపాడు. అబద్ధమని అప్పుడే చెప్పేయొచ్చు. నోరు తెరిచాడు కూడా. కానీ ఆ చేయి వెచ్చగా ఉంది.

విమానం కదిలేలోపు ఓలింకా ఫోనుకు బొమ్మలు రావడం మొదలైంది. పక్క సీట్లో కూర్చుని ఒక్కొక్కటీ చూపించింది. తెరిచిన పెట్టెలు, కోస్తున్న చేతులు, గిన్నెలు పట్టుకుని నవ్వుతున్న బోసినోళ్లు. "ఈయనకు కళ్లు కనబడవు. నీకోసం ప్రార్థన చేశాడట" అంది. ఆర్విల్ కిటికీ వైపు తిరిగి, మబ్బుల్లో ఏదో వెతుకుతున్నట్టు కూర్చున్నాడు.

యాంకరేజ్‌లో సామాను బెల్టు మీద కొమ్ములు తిరుగుతూ వచ్చాయి. కర్టిస్ ఈల వేశాడు.

"అమ్మో! ఎంత వెడల్పున్నాయి బావా! మరి దీని ఒళ్లేదీ, నడిచొస్తోందా?"

ఆర్విల్ నోరు విప్పేలోపే ఓలింకా ముందుకొచ్చి మొత్తం చెప్పేసింది. బొమ్మలు కూడా చూపించింది. కర్టిస్ నెమ్మదిగా టోపీ తీశాడు.

"ఇన్నేళ్లలో నేను ఒక్క కాలు కూడా ఎవరికీ ఇవ్వలేదు బావా. నిన్ను ఎన్ని మాటలన్నానో!"

ఇక ఆర్విల్ వల్ల కాలేదు. "అదంతా అబద్ధంరా కర్టిస్. నీకు కొమ్ములు చూపించి కుళ్లించాలని మాంసం షెడ్డులో పడేసి వచ్చాను. నాకు ఇచ్చే ఉద్దేశమే లేదు. అవ్వా, నన్ను క్షమించు."

ఓలింకా అతని భుజం తట్టింది. కర్టిస్ మార్లిస్ వైపు తిరిగాడు.

"చూశావా అక్కా? ఇంత చేసి కూడా నెత్తిన వేసుకోడు! మా ఫ్రీజర్‌లో సగం మీది. కాదంటే ఊరుకోను."

మార్లిస్ కొమ్ముల కేసి, మొగుడి కేసి చూసింది. గొట్టం ముక్క అడిగినా ఇవ్వని మనిషితో ఆమె ఇన్నేళ్లు కాపురం చేసింది. ట్రక్కు పామర్‌లోని ఇంటి దారి పట్టాక, కర్టిస్ పెట్రోలు కోసం దిగినప్పుడు అడిగింది.

"ఆరు పెట్టెలూనా?"

"ఆరూ."

"అదంతా అబద్ధమన్నావే, ఆ మాట నేను నమ్మాను" అందామె.

అంత ప్రేమగా అతన్ని ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు.

ఆ చలికాలమంతా వాళ్లింట్లో కర్టిస్ ఇచ్చిన మాంసమే ఉడికింది. చాలా మెత్తగా ఉండేది. ఒక్క ఆర్విల్‌కే గొంతు దిగడానికి కాస్త సమయం పట్టేది.