రీనియం అనబడే చెత్త

సృష్టిలో ఉన్న ప్రతి పదార్థమూ ఏదో ఒక సెక్షన్ పరిధిలోకి వచ్చి తీరాలి. రాని పక్షంలో అది పదార్థం కాదు, పుకారు. ఈ మహాసత్యాన్ని కనిపెట్టింది శాస్త్రవేత్తలు కారు, ఖనిజ వర్గీకరణ శాఖ వారు. ఆ శాఖ భవనంలో ఇనుముకు ఒక అంతస్తు మొత్తం ఉంది. రాగికి గాలీ వెలుతురూ వచ్చే గది ఇచ్చారు. సీసానికి మెట్ల కింద చోటు దొరికింది (ఈ విషయమై సీసం ఇంతవరకు ఫిర్యాదు చేయలేదు). రీనియానికి మాత్రం కుర్చీ కూడా లేదు.

తప్పు రీనియానిదే. భూమి పైపొరలో బంగారం కన్నా అరుదుగా ఉండే లోహానికి కాస్త హుందాతనం ఉండాలి. సొంతంగా ఒక ఖనిజం కట్టుకుని నలుగురిలో గౌరవంగా బతకాలి. అది అలా చేయదు. మాలిబ్డినం అనే మరో లోహం కట్టుకున్న మాలిబ్డినైట్ అనే ఖనిజంలో దూరి, సందు చేసుకుని కూర్చుంటుంది. రెండింటి పరమాణువుల కొలతలూ ఇంచుమించు ఒకటే కాబట్టి ఇంటివాడికి కూడా తేడా తెలియదు.

తేడా తెలుసుకున్నది ఒక కెమిస్టు. మాలిబ్డినైట్‌ను కాల్చి గంధకాన్ని వదలగొట్టే ఒక చిన్న కర్మాగారంలో ఆమె పని. అందరూ కెమిస్టమ్మ అంటారు. అదే కర్మాగారంలో కొలిమి మేస్త్రి ఆమెకు సొంత అన్న. మాలిబ్డినైట్ మెత్తటి బూడిదరంగు పొరల రాయి, ముట్టుకుంటే పెన్సిల్ ముల్లు రుద్దినట్టు నల్లగా అంటుకుంటుంది. అందుకని ఆ అన్నగారు ఇంట్లో ఏ తలుపు తీసినా, ఏ గ్లాసు పట్టుకున్నా ఆయనే తీశాడని, ఆయనే పట్టుకున్నాడని వదినగారికి విచారణ లేకుండానే తెలిసిపోతుంది.

ఇలా ఉండగా ఒకనాడు మేనేజరు అందరినీ పిలిచి, రాయిలో మాలిబ్డినం పలచబడిందనీ, కర్మాగారం మూసే విషయం యాజమాన్యం ఆలోచిస్తోందనీ సెలవిచ్చాడు (యాజమాన్యం ఆలోచిస్తోందంటే తాళంకప్ప కొనేశారని అర్థం). ఆ ఊళ్ళో మరో కర్మాగారం లేదు. ఆ రోజు కొలిమి దగ్గర ఎవరూ జోకులు వేయలేదు.

కెమిస్టమ్మ మాత్రం పొగగొట్టం వంపులో పేరుకున్న మసిని గోకి తీసుకెళ్ళి పరీక్ష చేసింది. చేసిన పరీక్షనే మళ్ళీ చేసింది. తర్వాత తిన్నగా కొలిమి దగ్గరికి నడిచింది.

"అన్నయ్యా, నాకు నీ పొగ ఒక సీసా కావాలి."

"పొగ సీసాలో పోసివ్వడానికి పాలటే? ఏమైంది నీకు?"

"మన రాయిలో రీనియం ఉంది. విమానం ఇంజన్లలో వాడతారు. ఎంత మంట పెట్టినా ఓ పట్టాన కరగదు. కానీ కొలిమిలో గాలి తగిలిందంటే ఆవిరైపోయి గొట్టంలోంచి పైకి వెళ్ళిపోతుంది."

మేస్త్రి చేతిలోని పార కింద పెట్టాడు. "మన చిన్న బాబాయి లాగన్నమాట. ఇంట్లో ఎంతమంది ఎంత ఏడ్చినా కరగడు. ఎవడైనా వీధిలోంచి సినిమాకి రమ్మని కేకేస్తే చాలు, మనిషి మాయం."

"అచ్చం అంతే. ఇన్నేళ్ళూ మనం పనికిరాని బాబాయిని ఇంట్లో పెట్టుకుని, పనికొచ్చే బాబాయిని ఆకాశంలోకి తోలేశాం."

ఆవిరిని పట్టుకోవడం కష్టం కాదు. పొగను నీళ్ళ జల్లు కింద నడిపిస్తే రీనియం నీళ్ళలో కరిగి దిగిపోతుంది. ఆ నీళ్ళలోంచి దాన్ని బయటికి తీయవచ్చు. ఇది విని మేనేజరు ముఖం వెలిగింది, వెంటనే ఆరింది. "లోహం ఉందని శాఖ వాళ్ళు ధ్రువీకరిస్తే మూయకుండా ఆపిస్తాను. లేకపోతే ఉన్న లోహం కూడా లేనట్టే కదమ్మా."

అలా కెమిస్టమ్మ శాఖకు వెళ్ళింది. అక్కడి వర్గీకరణాధికారి మంచివాడు. వచ్చినవాళ్ళను కూర్చోమనే అలవాటు కూడా ఉంది (ఈ అలవాటు వల్లే ఆయన పదోన్నతి ఆలస్యమైందని ప్రతీతి).

"ఏ ఖనిజమమ్మా?"

"మాలిబ్డినైటండీ."

"అది మాలిబ్డినం సెక్షన్ కదా. రీనియం తాలూకు ఖనిజం చెప్పండి."

"దానికి సొంత ఖనిజమంటూ పెద్దగా లేదండీ. ఎక్కడో ఒక అగ్నిపర్వతం నోటి దగ్గర, వేడి ఆవిర్లు వచ్చే చోట కొంచెం దొరికిందట."

అధికారికి ప్రాణం లేచివచ్చింది. "ఉందన్నమాట! అయితే మీ లోహం స్థిరనివాసం ఆ అగ్నిపర్వతం. అక్కణ్ణుంచి ఇక్కడికి మారినట్టు ఒక బదిలీ కాగితం తెప్పించండి, చాలు."

"అది అక్కణ్ణుంచి రాలేదండీ. మొదటినుంచీ ఇక్కడే ఉంది."

"మొదటినుంచీ ఇక్కడే ఉండి ఒక్కసారి కూడా హాజరు వేయించుకోలేదంటే ఎలా నమ్మమంటారు?"

పోనీ మాలిబ్డినానికి అభ్యంతరం లేదని ఆ సెక్షన్ నుంచి రాయించుకు రమ్మన్నారు. ఆ సెక్షన్ వారు విషయమంతా శ్రద్ధగా విని, లోహం రాయిలో ఉన్నంతసేపే తమదని, పొగలోకి వెళ్ళాక వాయు శాఖదని తేల్చారు. వాయు శాఖలో ఒక పెద్దావిడ గాలిలో ఉండకూడని వస్తువుల జాబితా పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చూసింది.

"రీనియం ఇందులో లేదమ్మా. చెడ్డదైతేనే మేం పట్టించుకోగలం. పోనీ, ఆ పొగకి ఎవరికైనా దగ్గొచ్చిందా?"

"రీనియం వల్ల రాలేదండీ."

"రాకపోతే ఎలా అమ్మా?" అంది పెద్దావిడ, నిజంగానే నొచ్చుకుంటూ.

ఈ సంగతి విని మేస్త్రి వెనకాడకుండా, "కావాలంటే నేను దగ్గుతానే. ఎన్నిసార్లు దగ్గమంటారో కనుక్కుని రా," అన్నాడు. అని నవ్వాడు గానీ, ఆ వారమే కొలిమి మనుషుల్లో ఇద్దరు సామాను సర్దుకుని వేరే ఊరు వెళ్ళిపోయారు. వాళ్ళను బస్సెక్కించి వచ్చిన సాయంత్రం ఆయన అన్నం ముందు కూర్చుని కెలికి లేచాడు.

చివరికి ఉమ్మడి తనిఖీ ఖరారైంది. ఈ మూడు చోట్ల వారూ మూడు కార్లలో దిగారు. తనిఖీ బృందం ఉన్న చోట కొలిమి మండుతూ ఉండరాదని భద్రతా నియమం ఉండటం చేత ముందుగా కొలిమి ఆర్పించారు. కొలిమి ఆరింది కనుక పొగ లేదు. పొగ లేదు కనుక అందులో లోహం లేదు. బృందం పొగగొట్టాన్ని చుట్టూ తిరిగి చూసి, అది నిటారుగా ఉందని ఏకగ్రీవంగా అంగీకరించి, టీ తాగి వెళ్ళిపోయింది.

మర్నాడు కెమిస్టమ్మ పాత నూనె పీపాలు, తోటకు నీళ్ళు పట్టే గొట్టాలు పోగేసింది. అన్నగారు అడగకుండానే చొక్కా చేతులు మడిచి వెల్డింగ్ మొదలుపెట్టాడు. పొగకు స్నానం చేయించే ఆ యంత్రం చూడ్డానికి బొత్తిగా బాగోలేదు, అన్ని కీళ్ళ దగ్గరా కారింది, కానీ పనిచేసింది. దిగిన నీళ్ళలోంచి ఆమె ముందు తెల్లటి ఉప్పు తీసింది, ఆ ఉప్పులోంచి బూడిదరంగు పొడి. దాన్ని వేలెడంత గాజుసీసాలో పోసుకుని శాఖకు వెళ్ళింది.

వర్గీకరణాధికారి సీసా అందుకోగానే ఆయన చెయ్యి కాస్త కిందికి దిగింది.

"అమ్మో, ఇంత సీసాకి ఇంత బరువా!"

"లోహాల్లో బాగా బరువైన వాటిలో ఇదొకటండీ."

ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఉద్యోగమంతా లోహాల పేర్లతో గడిపిన ఆయనకు ఒక లోహం చేతికి రావడం ఇదే మొదలు. చాలాసేపు ఇవ్వబుద్ధి కాలేదు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"నేను చెప్పానని ఎక్కడా అనకండమ్మా. దీన్ని లోహమంటే ఖనిజం అడుగుతాం. ఆవిరంటే వాయు శాఖ, నీళ్ళంటే జల శాఖ. చెత్త అనండి. పొగగొట్టం కడిగిన చెత్త. దాని పుట్టుపూర్వోత్తరాలు ఈ భవనంలో ఎవ్వరూ అడగరు. రేపట్నుంచే అమ్ముకోవచ్చు."

కెమిస్టమ్మ సీసా వెనక్కి తీసుకుంది. "భూమ్మీద ఇంత అరుదైన దాన్ని పట్టుకుని చెత్త అని నా చేత్తో రాయమంటారా?"

"మీరు రాయకపోతే అది పొగ అవుతుందమ్మా. ఆపైన మీ ఇష్టం."

ఇంటికొచ్చి అన్నకు చెప్పింది. చెబుతూంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నన్ను కొలిమి మేస్త్రి అనకుండా చెత్త మేస్త్రి అంటారు, అంతేగా? మీ వదిన ఎప్పుడో అనేసింది. రాసెయ్ తల్లీ," అన్నాడాయన.

రాసేసింది. కర్మాగారం మూతపడలేదు. ఒక విదేశీ వ్యాపారి వచ్చి, చెత్త చూసి, ముఖంలో ఏ భావమూ కనిపించకుండా ఉండటానికి చాలా కష్టపడి, ఎంతుంటే అంతా తీసుకుంటానన్నాడు. ఊరు వదిలి వెళ్ళిన ఇద్దరూ తిరిగొచ్చారు. సరైన జల్లు యంత్రం కొన్నారు. చెత్త నిర్వహణలో ఆదర్శంగా నిలిచినందుకు మేనేజరుకు శాలువా కప్పారు. వర్గీకరణాధికారి పదవీ విరమణ చేయగా, ఆయన స్థానంలో చురుకైన కొత్త అధికారి వచ్చాడు.

కొత్త అధికారి హయాంలోనే, మన దేశంలో రీనియం ఎక్కడా లేదని శాఖ నివేదిక అచ్చయింది. విమానాల వాళ్ళకు అది కావాలి కనుక ప్రభుత్వం విదేశం నుంచి కొనడం మొదలుపెట్టింది. కొన్నదాని నాణ్యత తేల్చాలి. ఆ పరీక్ష చేయడం వచ్చిన మనిషి దేశంలో ఒక్కతే కాబట్టి, సీలు వేసిన పెట్టెలో ఆ సరుకు కెమిస్టమ్మ బల్ల మీదికి వచ్చింది.

ఆమె పరీక్ష చేసింది. అందులో లోహంతో పాటు ఇంకేమేం ఆనవాళ్ళు మిగిలాయో, ఏది ఎంత మిగిలిందో చూసింది. అన్నీ తమ రాయివే. చెత్తలో తను రోజూ చూసే పాళ్ళే. అన్నను పిలిచి చూపించింది. ఆయన పెట్టె మీది విదేశీ ముద్రను నల్లటి వేలితో ఒకసారి తడిమి, కొలిమి దగ్గరికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కొత్త అధికారి ఫోన్ చేశాడు.

"సరుకు ఎలా ఉందమ్మా?"

"చాలా బాగుందండీ."

"బాగుండదూ మరి! అక్కడ పని తెలిసినవాళ్ళుంటారమ్మా."