అమ్మ ఖాళీ చేసిన గ్లాసులు

ఆ ఉదయం సేఫ్టీ లేస్తూనే కిటికీ తెర తీశాడు, వెంటనే మూసేశాడు. పొద్దు ఇంకా ఎక్కనే లేదు, ఎదురింటి గోడ మీది ఎండ అప్పుడే కళ్ళల్లో పొడుస్తోంది. సాయంత్రానికి అక్క వస్తోంది. ఎప్పుడూ అక్క దగ్గరుండే అమ్మను బతిమాలి ఈ వేసవికి తన ఇంటికి తెచ్చుకున్నాడు. అమ్మ కాస్త వాడినట్టు కనబడితే చాలు, అక్క వెంటబెట్టుకుని వెళ్ళిపోతుంది, ఈ జన్మలో మళ్ళీ పంపదు.

అతను ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ఇంట్లోనూ ఆ పేరే ఖాయమైపోయింది. ఎండల్లో అమ్మకి నీళ్ళు తాగించడం మరిచిపోవద్దని అక్క మరీ మరీ చెప్పడంతో, గంటకోసారి ఫోన్లో సైరన్ మోగేట్టు పెట్టుకున్నాడు. అది మోగడమే ఆలస్యం, గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని అమ్మ గదికి పరుగెత్తేవాడు.

అమ్మంటే మామూలు మనిషి కాదు. ఉద్యోగం చేసినంత కాలం ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్. ఆవిడ కింద నిలబడి కళ్ళజోడు సర్దుకుంటే మూడో అంతస్తులో లైట్లు ఆరిపోయేవట. కొడుక్కి యాభై దాటినా ఆవిడ గది ముందు ఆగి చొక్కా గుండీలు చూసుకుని గానీ తలుపు తట్టడు.

"ఇలా ఇవ్వు," అని గ్లాసు అందుకుని అమ్మ తలుపు వేసుకునేది. కాసేపటికి ఖాళీ గ్లాసు బయటికి వచ్చేది.

"తాగేశావా అమ్మా?"

"గ్లాసులో ఏమైనా ఉన్నాయా?"

"లేవు."

"మరింకేం?"

నిజమే, ఇంకేం! సేఫ్టీ తృప్తిగా వెనక్కి వచ్చేవాడు. అతనికి తెలియని సంగతి ఒకటుంది. అక్క అతనికి చెప్పినట్టే అతని భార్యకీ విడిగా ఫోన్ చేసింది. "వాడికి మతిమరుపు. నీళ్ళ సంగతి నువ్వే చూసుకో. వాడితో మాత్రం అనకు, నొచ్చుకుంటాడు." ఆ తర్వాత కాలేజీలో చదివే మేనకోడలికీ చేసింది. "మీ అమ్మానాన్నల్ని నమ్ముకుంటే అయినట్టే. నానమ్మ భారం నీదే." ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు నీళ్ళు మోస్తున్నారు. దానికి తోడు వంటింట్లో సీసాలూ డబ్బాలూ ఒక్కొక్కటే మాయమవుతున్నాయని భార్య నాలుగు రోజులుగా గొణుగుతోంది.

ఎండ ముదిరే వేళకి కింది వాటా లెక్చరర్ గారు దిండు చంకలో పెట్టుకుని వచ్చారు. "ఏమండీ, మా పడగ్గదిలో పైనుంచి నీళ్ళు కారుతున్నాయి. సరిగ్గా దీని మీదే." దిండు పిండితే నీళ్ళొచ్చాయి.

ఆ పడగ్గదికి సరిగ్గా పైన ఉన్నది అమ్మ గదే. సేఫ్టీ వెళ్ళి తలుపు తట్టాడు. అమ్మ తలుపు ఓరగా తీసి అడ్డంగా నిలబడింది.

"గది శుభ్రంగానే ఉంది. నీకేం పని లోపల?"

ఆవిడ భుజం మీదుగా చూస్తే మంచం పక్కన నేల తడిగా మెరుస్తోంది. సేఫ్టీ గబగబా వంటింట్లోకి వచ్చి పడ్డాడు.

"తప్పు నాదే. గంటకోసారి నీళ్ళు తాగించాను," అన్నాడు.

"మీరా? తాగించింది నేనండీ!" అంది భార్య.

"నేను కూడా," అంది కూతురు చిన్నగా.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. అన్ని నీళ్ళు ఆ వయసు మనిషి ఎలా తట్టుకుంటుంది? బాత్రూమ్ దాకా వెళ్ళలేక, నోరు తెరిచి చెప్పుకోలేక... హాస్టల్ మొత్తాన్ని చూపుతో నడిపిన మనిషికి ఎంత కష్టం వచ్చింది! సేఫ్టీకి కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఈ మాట గడప దాటకూడదు," అన్నాడు.

బయటికి వచ్చి, బతుకంతా నిజాయితీగా ప్రమాదాల నివేదికలు రాసినవాడు మొట్టమొదటి అబద్ధం ఆడాడు. "బాత్రూమ్ గోడలో పైపు పగిలిందండీ."

"అదే అనుకున్నాను," అని లెక్చరర్ గారు అప్పటికప్పుడు ప్లంబర్‌ని పిలుచుకొచ్చారు. ప్లంబర్ గోడకి చెవి ఆనించి విన్నాడు, అరచేత్తో తడిమాడు.

"గోడ పొడిగా ఉంది సార్. పైపుకేం కాలేదు."

లెక్చరర్ గారు అనుమానంగా సేఫ్టీ వైపు తిరిగారు. తర్వాత ఆ చూపు అమ్మ గది వైపు మళ్ళబోయింది.

"లోపలెక్కడో పగిలుంటుంది. కొట్టు!" అన్నాడు సేఫ్టీ గాభరాగా.

"మంచి గోడ సార్."

"ఫరవాలేదు, కొట్టు!"

మూడు టైల్స్ ఊడాయి. నాలుగోదానికి నీళ్ళు పైకప్పు దాకా చిమ్మాయి. ప్లంబర్ మొహం తుడుచుకుని, "మీరన్నట్టే పగిలింది సార్," అన్నాడు.

మేడ మీద ట్యాంకు కట్టేయడానికి ప్లంబర్ వెళితే, తుప్పు పట్టిన వాల్వు అతని చేతిలోకి ఊడి వచ్చింది. ట్యాంకు నీళ్ళన్నీ మెట్ల మీదుగా వీధిలో పడ్డాయి. కొత్త వాల్వు తెద్దామంటే ఆ ఎండకి దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. బిల్డింగ్ మొత్తానికి చుక్క నీళ్ళు లేవు. జనం మెట్ల మీదికి వచ్చి సేఫ్టీని తలా ఒక మాట అన్నారు. అందరికీ సమాధానం చెబుతూ నాలుగంతస్తులూ ఎక్కి దిగినవాడు చివరికి గోడ పట్టుకుని తన గుమ్మం ముందే కూలబడ్డాడు. పొద్దుటినుంచి ఇంతమంది నీళ్ళ సంగతి చూసినవాడు తను ఒక్క గుక్క కూడా తాగలేదు.

"నీళ్ళు! ఎవరైనా కాసిని నీళ్ళు!" అని అరిచింది భార్య.

అప్పుడు తెరుచుకుంది అమ్మ గది తలుపు, బార్లా.

మంచం కింద ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నీళ్ళు! సీసాలు, డబ్బాలు, బిందెలు, మూతలు పెట్టిన గిన్నెలు, పొట్టివి ముందూ పొడుగువి వెనకా బారులు తీరి నిలబడి ఉన్నాయి. కిటికీలోంచి పడిన ఎండ వాటన్నిటి మీదుగా పోయి పైకప్పు మీద నీళ్ళ నీడలు ఆడిస్తోంది. గుడిలో అడుగుపెట్టినట్టు జనం గుమ్మంలోనే ఆగిపోయారు. ఒక మూల మాత్రం నీలం బకెట్ ఒకటి సన్నని పగులులోంచి తాపీగా కారుతోంది.

అమ్మ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని గుక్క గుక్కగా తాగించింది. కళ్ళు తెరిచాక తడిగుడ్డ నెత్తిన వేసి లేచి నిలబడింది.

"నాకు కావలసినంత నేను తాగుతూనే ఉన్నాను. మిగిలినవి దాచాను. వేసవిలో నీళ్ళు ఎప్పుడాగిపోతాయో ఎవరికి తెలుసు? రోజూ పాతవి మొక్కలకి పోసి కొత్తవి నింపుతున్నాను కూడా."

"వద్దని ఒక్క మాట అనొచ్చుగా అత్తయ్యా!"

"ముగ్గురూ అంత ప్రేమగా తెస్తుంటే ఎలా అంటానమ్మా?" అని జనం వైపు తిరిగి కళ్ళజోడు సర్దుకుంది. "వరసలో రండి. పసిపిల్లల వాళ్ళు ముందు."

తోపులాట లేదు, గొణుగుడు లేదు. పోట్లాటకు వచ్చిన లెక్చరర్ గారు దిండుతో సహా వెళ్ళి వరస చివర నిలబడ్డారు.

"పైపు సంగతి ఎందుకు పుట్టించావురా?" అంది అమ్మ, చెంబుతో నీళ్ళు పోస్తూనే.

సేఫ్టీ తల దించుకుని ఆవిడకి మాత్రమే వినబడేట్టు చెప్పాడు. అమ్మ చేతిలో చెంబు ఆగింది.

"నా పరువు కోసం గోడ పగలగొట్టించావా?"

అతను తలూపాడు. తన యాభై ఏళ్ళలో అతను చూడనిది అప్పుడు చూశాడు. వార్డెన్ గారి పెదవి వణికింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "పిచ్చి సన్నాసీ," అని అతని నెత్తిమీద గుడ్డ సరిచేసింది.

సరిగ్గా ఆ సమయానికే అక్క మెట్లెక్కి వచ్చింది. పగిలిన గోడ, గ్లాసులతో జనం, నెత్తిన తడిగుడ్డతో తమ్ముడు. చేతిలో సంచీ కిందపడేసింది.

"నేననుకుంటూనే ఉన్నాను! అమ్మా, బట్టలు సర్దుకో. పోదాం పద."

సేఫ్టీ ఊపిరి బిగబట్టాడు.

"నేనెలా వస్తానే?" అంది అమ్మ. "ఈ ఎండల్లో వీణ్ణి చూసుకునే మనిషి ఉండొద్దూ?"

అని ఒక గ్లాసు నింపి కొడుకు చేతికిచ్చింది. అతను తీసుకుని లోపలికి వెళ్ళబోయాడు.

"ఎక్కడికి? నా ఎదురుగా తాగు. ఖాళీ గ్లాసులు నేను నమ్మను."