పది ముప్పై అయిదు దగ్గర ఆగిన రాహుకాలం

ఆళ్లగడ్డలో తొమ్మిదింటి బస్సెక్కాలి, రాహుకాలం రాకముందే నంద్యాలలో దిగాలి, మూడింటికి మేరీ టీచర్ ఇంట్లో కంప్యూటర్ వెలిగించాలి. ఆ శుక్రవారం చెన్నకేశవులు వేసుకున్న లెక్క అది. ఆరోజుతో టీచర్‌కు ఎనభై నిండుతాయి; పాత విద్యార్థులంతా ఆమె ఇంట్లో కలుస్తున్నారు. టీవీకి తగిలించి వాడే ఆ పాతకాలపు పెట్టె మీదే ఆమె బళ్లో పిల్లలకు టైపు నేర్పింది. ఆ విద్యతోనే చెన్నకేశవులు డీటీపీ షాపు పెట్టి ముప్పై ఏళ్లుగా అన్నం తింటున్నాడు. బడివాళ్లు వేలం వేస్తే పెట్టెను తెచ్చి అటక మీద దాచుకున్నదీ అతనే. ఈరోజు అది పనిచేయకపోతే ఆమెకు మొహం చూపించలేడు.

బయలుదేరే ముందు వేసి చూశాడు. ఎనిమిదిన్నరకే తెర మీద గడియారం పది ముప్పై అయిదు చూపించింది. సెకన్లు యాభై తొమ్మిది దాకా పోయి మళ్లీ మొదటికొస్తున్నాయి, నిమిషం మాత్రం మారడం లేదు. నంద్యాలలో రేడియోలు బాగుచేసే రషీద్‌కు ఫోన్ చేశాడు.

"గడియారం చిప్పు పోయినట్టుందన్నా," అన్నాడు రషీద్. "నా కాడ ఇంగోటి ఉండాది. పన్నెండున్నరలోగా తీస్కరా. ఆపైన జుమ్మా నమాజుకు పోతా."

ఫోన్ చార్జింగ్‌కు పెట్టి పెట్టెను సర్దబోతుంటే భార్య కమలాక్షమ్మ తెర వైపు చూసింది.

"యాడికి పోతాండావ్? పదిన్నర దాటె. రాహుకాలంలో గడప దాటొద్దు."

చెడిందని ఇప్పుడే చెప్పిన నోటితోనే చెన్నకేశవులు "అవును గదా" అన్నాడు. బళ్లో గంట కొట్టింది ఆ గడియారం చూసే. దాని మాట కాదనే అలవాటు అతనికి లేదు. బుద్ధిగా కూర్చున్నాడు. మూడుసార్లు కాఫీ తాగాడు. పేపరు పెళ్లి సంబంధాలతో సహా చదివేశాడు.

"ఇంత పొడుగు రాహుకాలం నేనెప్పుడూ చూడలా," అంది కమలాక్షమ్మ.

అప్పుడు వెలిగింది ఇద్దరికీ. చెన్నకేశవులు పరుగున పోయి ఫోన్ చూశాడు. పది నలభై.

"పోతాండా," అన్నాడు.

"యాడికి? ఇప్పుడొచ్చింది అసలుది."

పన్నెండుకు బస్సెక్కి ఒకటింబావుకు రషీద్ షాపు చేరితే తాళం ఎదురొచ్చింది. రషీద్ నమాజు చదివి, అన్నమైనా తినకుండా రెండుంబావుకు పరుగెత్తుకొచ్చాడు. కొత్త చిప్పు వేశాడు. తెర పాత పాటే పాడింది. ఇంకోటి వేశాడు. అదే పాట. చివరికి లైటు వేసి లోపలికి తొంగిచూశాడు.

"చిప్పుకేం కాలేదన్నా. దాన్ని కూర్చోబెట్టే కాడ చిలుం పట్టింది."

స్పిరిటు పోసి, బ్రష్షుతో రుద్ది, పాత చిప్పే మళ్లీ గుచ్చాడు. గడియారం కదిలింది. "నీ మేలు బతికినన్నాళ్లూ మర్చిపోను రషీదూ," అన్నాడు చెన్నకేశవులు. రషీద్ స్కూటర్ తీశాడు.

ఇద్దరూ టీచర్ ఇంటికి చేరేసరికి నాలుగు పది. పాత విద్యార్థులంతా కేకు ముందు కూర్చుని ఉన్నారు. పెట్టెను టీవీకి తగిలిస్తే వెలిగింది.

"ఆలస్యమయింది టీచర్. దీని గడియారం చెడిపోయింటే..."

"అది ఎప్పుడు బాగుండె గనక?" అంది మేరీ టీచర్. "రోజూ మీకంటే అరగంట ముందొచ్చి, నా వాచీ చూసి సరిచేస్తాంటి. పిల్లోళ్లు దాన్నే చూస్తారు గదా అని."

చెన్నకేశవులు కళ్లు తుడుచుకుని ఆమె కాళ్లకు దండం పెట్టాడు. ఇన్నేళ్లూ పెట్టెకు చెప్పుకున్న కృతజ్ఞతలో సగానికి పైగా ఆమెకు చేరాల్సింది.

"లెయ్, లెయ్," అంటూ ఆమె కళ్లద్దాలు సర్దుకుంది. ఒక్కో మీటా వెతికి నొక్కి గడియారాన్ని మూడు గంటలకు మార్చింది. "యాడ ఆలస్యం? కూర్చో."

చెన్నకేశవులు సరిగ్గా టైముకే వచ్చాడు.