ముఖం ఇటు, ప్రయాణం అటు

చలి ముదిరిన రోజుల్లో ఒక తెల్లవారుజామున బాలమల్లు పెట్టుకున్న పని చాలా చిన్నది. భార్య స్వరాజ్యాన్ని మోటారు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని శంషాబాద్ నుంచి కొత్వాల్‌గూడ దాకా వెళ్ళి రావడం, ఆమె మోకాళ్ళు ఏమంటాయో తెలుసుకోవడం. అవి ఒప్పుకుంటే బెంగుళూరు రహదారి పట్టుకుని బెలూం గుహలకు ప్రయాణం. ఒప్పుకోకపోతే ప్రయాణమూ లేదు, బండీ లేదు. దాన్ని అల్లుడికి ఇచ్చేయాలని స్వరాజ్యం ముందే తీర్మానించింది.

విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పదవీ విరమణ చేసిన బాలమల్లు జీవితంలో చేసిన ఏకైక దుబారా ఆ టూరింగ్ బండి. ముందు కూర్చునేవాడికి అందులో లోటేమీ లేదు. వెనక కూర్చునేవాళ్ళు కాళ్ళు పెట్టుకునే కమ్మీలు మాత్రం మరీ పైకి ఉన్నాయి. ఆయన కోణమానిని తెచ్చి భార్య మోకాలు ఎంత వంగుతోందో కొలిచాడు. కమ్మీలు దించితే ఆమె పాదాలు జారాయి. ముందుకు జరిపితే ఆయన మడమలకు తగిలాయి. చెక్క పలక బిగిస్తే అది సైలెన్సరు వేడికి పొగలు చిమ్మింది. చివరికి పరిష్కారం స్వరాజ్యానికే దొరికింది. పెరట్లో స్టాండు వేసి ఉన్న బండి మీద ఒకనాడు ఆమె వెనక్కి తిరిగి కూర్చుని, సామాను క్యారియర్ మీదికి కాళ్ళు బారజాపి, తీరిగ్గా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కనబడింది.

"గిట్లయితె బెంగుళూరు దాంక వస్త," అంది.

బాలమల్లు కొత్తూరు వెల్డింగ్ షాపులో ఆమె వీపుకు ఒక ఆనుడు, మడమలకు రెండు ఆసరాలు, నడుముకు ఒక బెల్టు అమర్చి తెచ్చాడు. స్వరాజ్యం ఒక్కటే షరతు పెట్టింది.

"ఎవ్వరికి తెల్వొద్దు. మన దుర్గవ్వ వదినె చూసిందంటే ఊరంత నవ్విస్తది. తెలిసినోళ్ళు చూసిన్రంటే మల్ల నేను బండెక్క."

దుర్గవ్వ అంటే, బాలమల్లు దంపతుల కూతురు కళ్యాణికి అత్తగారు. ఉండేది రెండు వీధుల అవతలే. బాలమల్లు మాట ఇచ్చాడు. ఆయన ఇచ్చిన మాట తప్పడనీ, అబద్ధమాడడనీ శంషాబాద్‌లో అందరికీ తెలుసు. బడులకు వెళ్ళి, నిమ్మకాయలోంచి నెత్తురు రావడం వెనక ఉన్న రసాయనం ఏమిటో పిల్లలకు చేసి చూపించి, దయ్యాలు లేవని చెప్పి వచ్చే మనిషి ఆయన.

అందుకే ఆ తెల్లవారుజాము ప్రయాణం. హిమాయత్ సాగర్ మీద నుంచి మంచు మెల్లగా పాకి వచ్చి రోడ్డును మింగేస్తోంది. పైన ఎక్కడో విమానాల దీపాలు చప్పుడు లేకుండా దిగుతున్నాయి. చప్పుడు తర్వాతెప్పుడో, వేరే దిక్కు నుంచి వస్తోంది. బాలమల్లు జాగ్రత్తలన్నీ తీసుకున్నాడు. భార్యకు హెల్మెట్ పెట్టించాడు. చలికి ఆమె దాని మీదుగా తెల్ల శాలువా కప్పుకుంది. వెనక వచ్చే బండ్లకు ఆనవాలుగా ఆమె ఒళ్ళో టార్చిలైటు నిలబెట్టాడు. ఎవరైనా మరీ దగ్గరగా వస్తే అరచేయి ఎత్తి చూపించమన్నాడు. అన్నీ ఆలోచించిన ఆ బుర్రకు, ఇదంతా వెనకవాళ్ళకు ఎలా కనబడుతుందన్న ఆలోచన మాత్రం రాలేదు.

"ఎన్క ఒక కారు వచ్చిందయ్యా," అంది స్వరాజ్యం కొంత దూరం పోయాక. "ఆగి, అట్లనే రివర్సుల పోయింది."

"చెయ్యి చూపినవా?"

"చూపిన. జర నవ్విన గూడ. తెలిసినోడేమో అని."

తెలిసినవాడే. వాళ్ళ ఇంటి ముందు వాటాలో కిరాయికి ఉండే ఫరీద్, విమానాశ్రయానికి క్యాబ్ నడుపుతాడు. టీ వేళకు దుప్పటి కప్పుకుని వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"బాపు, దయ్యాల్లేవంటరు గద మీరు? ఇయ్యాల నేను చూసిన. కొత్వాల్‌గూడ రోడ్డు మీద గాలిల కూసొని పోతున్నది. తల కుండంత ఉన్నది. మొకం కింది నుంచి మండుతున్నది. ఖుదా కసమ్ బాపు, మొకమేమో నా దిక్కు, పోయేదేమో ఆ దిక్కు!"

"మంచుల వెలుగు పడితె గట్లనే అనిపిస్తది ఫరీద్," అన్నాడు బాలమల్లు, నేల చూస్తూ.

"వెలుగు చెయ్యెత్తి పిలుస్తదా? పిలిచి నవ్వుతదా?"

తలుపు చాటున స్వరాజ్యం కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుకో భయానికో ఆమెకే తెలియాలి.

మర్నాడు బాలమల్లు టార్చి ఆర్పించాడు. ఈసారి చూసినవాళ్ళు దయ్యానికి తల లేదన్నారు. దారి మార్చి కొత్తూరు వైపు వెళ్ళాడు. దయ్యం పరిధి పెంచిందన్నారు. వారం తిరిగేసరికి దానికి ఒక కథ కూడా పుట్టింది: విమానం అందక ప్రాణం వదిలిన మనిషట, ఎంత దూరం పోయినా విమానాశ్రయం వైపే చూస్తూ పోతుందట. క్యాబ్‌ల వాళ్ళు తెల్లవారేదాకా ఆ రోడ్డు మానేశారు. ప్లాట్లు అమ్మే బిక్షం తన హద్దురాళ్ళన్నిటికీ నిమ్మకాయలు కట్టించాడు. ఆ నిమ్మకాయలు చూసి, అంతవరకు నమ్మనివాళ్ళు కూడా నమ్మారు.

శనివారం దుర్గవ్వ నేరుగా ఇంటికి వచ్చింది.

"అన్నా, రేపు పొద్దుగాల కొత్వాల్‌గూడ రోడ్డు మీద శాంతి చేస్తున్నం. గంతకంటె ముందుగాల నువ్వొక మాట చెప్పు. నువ్వు చదువుకున్నోనివి, అబద్ధం ఆడవు. గా ఆమె ఉన్నదా, లేదా?"

లేదు అంటే, మరి జనం చూసిందేమిటని దుర్గవ్వ వదలదు. ఆ ప్రశ్నకు నిజమైన జవాబు వంటింటి గుమ్మంలో నిలబడి రెప్ప వేయకుండా ఆయన్నే చూస్తోంది. బెలూం గుహలు, ఇచ్చిన మాట, జీవితమంతా చెప్పిన పాఠాలు మూడూ బాలమల్లుకు ఒకేసారి అడ్డం పడ్డాయి.

"ఉండొచ్చు," అన్నాడు.

దుర్గవ్వ చటుక్కున లేచి వెళ్ళిపోయింది. చీకటి పడేలోగా శంషాబాద్ అంతా ఒకటే మాట: బాలమల్లు సారే ఒప్పుకున్నడు.

ఆదివారం మంచు మరీ చిక్కగా దిగింది. పక్కన నిలబడిన మనిషి గొంతు వినబడితే తప్ప మనిషి ఉన్నట్టు తెలియదు. ఆ తెల్లదనంలో ఎక్కడో ఒక కోడి కొక్కొరోకో అనబోయి మధ్యలో మానుకుంది. శాంతికి చేరిన జనం బాలమల్లు దంపతులను ముందుకు పిలిచి, బూడిద గుమ్మడికాయ ఆయన చేతుల్లో పెట్టారు.

"మొదటి కాయ మీరే కొట్టాలె సార్," అన్నాడు బిక్షం. "మీరు ఒప్పుకున్నంకనే మాకు ధైర్యమొచ్చింది."

బాలమల్లు కాయను పైకెత్తి, కొట్టలేక మళ్ళీ దించాడు. అది స్వరాజ్యం చూసింది. రోడ్డు పక్కన నిలిపిన తమ బండి దగ్గరకు నడిచి, వెనక్కి తిరిగి ఎక్కి, కాళ్ళు జాపి, శాలువా తల మీదికి లాక్కుని టార్చి వెలిగించింది. మంచులో ఒక ముఖం గాలిలో తేలింది.

ఎవరో కెవ్వున అరిచారు. ఎవరి చేతిలోదో హారతి పళ్ళెం కిందపడి దొర్లింది.

"గిదే! గిదే నేను చూసింది!" అని అరిచిన ఫరీద్ మరుక్షణం గొంతు తగ్గించాడు. "అమ్మా... మీరా?"

"నేనే బిడ్డా. మోకాళ్ళు నొస్తయని గిట్ల కూసున్న."

దుర్గవ్వ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. స్వరాజ్యం కళ్ళు మూసుకుని ఆ నవ్వు కోసం ఎదురుచూసింది.

"కాళ్ళు నిజంగ నొస్తలేవా, వదినె?"

"లేవు, వదినె."

"జర దిగు. నేను గూడ కూసుంట."

బాలమల్లు గుమ్మడికాయ కింద పెట్టి, ఎన్నాళ్ళకో గొంతు విప్పాడు. "చూసిన్రు గద అందరు! దయ్యం లేదు, ఏం లేదు."

"అమ్మ సంగతి సమజైంది సార్," అన్నాడు బిక్షం వినయంగా. "మరి మీరు ఉండొచ్చన్న దయ్యం యాడున్నది?"

"యాడ లేదు. నేను అబద్ధం చెప్పిన."

జనం తలలు అడ్డంగా ఊపారు.

"మీరు అబద్ధం చెప్పరు సార్," అన్నాడు బిక్షం. ఆయన చేతుల్లో గుమ్మడికాయ మళ్ళీ పెట్టి, ఆ చేతులు తనే పట్టుకుని కొట్టించాడు.

సోమవారం పొద్దున్నే బెలూం ప్రయాణం మొదలైంది. దుర్గవ్వ సద్ది కట్టి ఇచ్చింది. కొత్తూరు దాటినా మంచు విడవలేదు. దారి మీద వాళ్ళ బండి తప్ప మరో చప్పుడు లేదు. వెనక నుంచి స్వరాజ్యం ఎవరినో పలకరించడం బాలమల్లుకు వినబడింది.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

"ఎన్క ఒకామె వస్తున్నది. చెయ్యెత్తింది, నేను గూడ ఎత్తిన."

"బండి చప్పుడు లేదు గద?"

"బండి కనిపిస్తలేదయ్యా," అంది స్వరాజ్యం నిమ్మళంగా. "కాళ్ళు మటుకు మంచిగ జాపుకున్నది."

మంచు పట్టిన అద్దంలో ఏదీ స్పష్టంగా కనబడదన్నది శాస్త్రం రుజువు చేసిన సత్యం కనుక, బాలమల్లు అద్దం వైపు చూడలేదు.